అల్యూమినా గొట్టాన్ని స్టీల్ ఫ్లాంజ్‌కి బ్రేజింగ్ చేస్తే చల్లారాక పగులు వస్తోంది

బాలానగర్_వర్క్‌షాప్
మాది చిన్న జాబ్ షాప్, వ్యాక్యూమ్ చాంబర్లకి ఫ్లాంజులు ఫిట్టింగులు చేస్తాం. ఈసారి ఒక కస్టమర్ చాంబర్ లోపలికి కరెంటు పంపే ఫీడ్‌త్రూ అడిగాడు, మధ్యలో రాగి కడ్డీ, దాని చుట్టూ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్) గొట్టం, బయట ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్) ఫ్లాంజ్. గొట్టం బయటి వ్యాసం 40 మిల్లీమీటర్లు, 96 శాతం అల్యూమినా, ఫ్లాంజ్ మందం 12. ముందు మామూలు వెండి-రాగి ఫిల్లర్ (రెండు ముక్కల మధ్య కరిగించి అతికించే లోహం) పెట్టాం, వెండి 72, రాగి 28 శాతం ఉండే 72-28 ది, కరిగింది గానీ గొట్టం మీద అంటకుండా గుండ్లు కట్టి జారిపోయింది. తర్వాత టైటానియం కలిపిన యాక్టివ్ ఫిల్లర్ తెప్పించి బయట ఒకళ్ల వ్యాక్యూమ్ ఫర్నేస్‌లో పెట్టించాం. ఈసారి అంటుకుంది, తీసినప్పుడు బాగానే కనిపించింది, మర్నాడు పొద్దున చూస్తే ఫ్లాంజ్ అంచు దగ్గర గొట్టం చుట్టూ వెంట్రుకంత పగులు. ఫర్నేస్ వాళ్లేమో మీ సిరామిక్కే నాసిరకం అంటున్నారు, సిరామిక్ అమ్మినాయనేమో ఫర్నేస్ తొందరగా చల్లార్చి ఉంటారు అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

లెక్కల_శ్రీను
ఇద్దరి మీదా కోప్పడక్కర్లేదు, లెక్క వేసి చూడండి చాలు. ఎస్ఎస్ 304 వ్యాకోచం ఆ రేంజిలో డిగ్రీకి మిలియన్‌కి దాదాపు 18, అల్యూమినాది 8. ఫిల్లర్ గట్టిపడేది 780 దగ్గర, అక్కణ్నుంచి గది వేడికి 750 డిగ్రీలు దిగాలి. 40 మిల్లీమీటర్ల వ్యాసం మీద స్టీల్ 0.54 కుంచించుకుంటుంది, అల్యూమినా 0.24. తేడా 0.3 మిల్లీమీటర్. 12 మందం ఉన్న స్టీల్ ఆ 0.3 ని తను వదులుకోదు, గొట్టాన్ని నొక్కేస్తుంది. నొక్కుడు ఆగిపోయే చోట, అంటే సరిగ్గా ఫ్లాంజ్ అంచులో, గొట్టం లోపలికి వంగి పైపొర సాగుతుంది. అల్యూమినా నొక్కితే ఓర్చుకుంటుంది, సాగదీస్తే అస్సలు ఓర్చుకోదు. మీ పగులు అక్కడే ఉంది కదా.

ఆటోనగర్_లేత్
నేను విజయవాడలో లేత్ టూల్ కార్బైడ్ టిప్పులు (కోసే మొనలు) షాంక్‌కి, అంటే స్టీల్ కాడకి, అతికించే పని చిన్నప్పట్నుంచి చేస్తున్నా. స్టీల్ 12, కార్బైడ్ 5-6, తేడా మాకూ ఉంది. వెలిగారం వేసి, వెండి ఫిల్లర్‌తో అతికించి, ఎర్రగా ఉండగానే బూడిదలో కప్పెట్టి తెల్లారేదాకా ముట్టుకోం. నీళ్లలో ముంచావో టిప్పు పోయినట్టే. మీ ఫర్నేస్ వాళ్లు తొందరపడే ఉంటారు, నిదానంగా చల్లార్చమని చెప్పండి, పగులు రాదు.

పరిశోధక_విద్యార్థి
అన్నా, కార్బైడ్ పోలిక ఇక్కడ సగమే పనికొస్తుంది. టిప్పులో కార్బైడ్ గింజల్ని పట్టి ఉంచేది కోబాల్టు, అదొక లోహం, అందుకే వెలిగారం వేస్తే ఫిల్లర్ హాయిగా పారుతుంది. అల్యూమినాలో పట్టుకోడానికి లోహమే లేదు. అల్యూమినియం ఆక్సిజన్‌ని ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందంటే వెండికి గానీ రాగికి గానీ దాన్ని కదిలించే శక్తి లేదు, అందుకే 72-28 గుండ్లు కట్టింది. వెలిగారం కాదు కదా ఏ ఫ్లక్సూ (పైనున్న ఆక్సైడ్‌ని కరిగించి తీసే మందు) దానికి పనిచేయదు. టైటానియం 2 శాతం కలిపినా సరే అది అల్యూమినా అంచుకి చేరి ఆక్సిజన్‌ని కొంత లాక్కుని టైటానియం ఆక్సైడ్ పొర కడుతుంది, దాని మీద రాగి టైటానియం ఆక్సిజన్ కలిసిన ఇంకో పల్చటి పొర, ఆ పొరకి లోహం గుణాలు ఉంటాయి కాబట్టి మిగతా ఫిల్లర్ దాని మీద పారుతుంది. 

నిదానం విషయానికొస్తే, నెమ్మదిగా చల్లార్చడం అవసరమే, నిమిషానికి 3-5 డిగ్రీలు మంచిది. కానీ అది లోపలి భాగం వేడి బయటి భాగం వేడి మధ్య తేడాని మాత్రమే తగ్గిస్తుంది. రెండు పదార్థాల వ్యాకోచం తేడా వారం రోజులు చల్లార్చినా అలాగే ఉంటుంది.

ఆటోనగర్_లేత్
వారం చల్లార్చమన్లేదు తమ్ముడూ. కానీ పెద్ద టిప్పులకి మేం ఊరికే అతికించం, మధ్యలో రాగి రేకు వేస్తాం, రెండు వైపులా వెండి ఫిల్లర్ ఉండే మూడు పొరల పట్టీ అమ్ముతారు. రాగి మెత్తన కాబట్టి ఆ లాగుడు తను పడుతుంది. ఆ మాట చెప్పేలోపే నువ్వు క్లాసు మొదలెట్టావ్.

పరిశోధక_విద్యార్థి
ఆ పట్టీ సంగతి కరెక్ట్ అన్నా, అసలు కీలకం అదే. మధ్యలో ఏదో ఒకటి వంగాలి, అది సిరామిక్ మాత్రం కాకూడదు.

గ్యాస్‌టార్చ్
ఇంత హడావుడి ఎందుకు, టార్చితో ఆర్గాన్ వదులుతూ చేస్తే పోదా? ఏసీ పైపులు రోజూ అలాగే అతికిస్తాం.

ట్యూబ్_రిటైర్డ్
వద్దు బాబూ. ఏసీ పైపు రాగి, రాగి మీది ఆక్సైడ్ ఫ్లక్స్‌తో పోతుంది. యాక్టివ్ ఫిల్లర్లో టైటానియం 800 దగ్గర ఏ మాత్రం గాలి తగిలినా దాన్నే పట్టుకుని కూర్చుంటుంది, అల్యూమినా దాకా వెళ్లడానికి ఏం మిగలదు. వెల్డింగ్ ఆర్గాన్ సిలిండర్లో ఉండే తేమ కూడా చాలు పాడుచేయడానికి. వ్యాక్యూమ్ 10 మైనస్ 5 మిల్లీబార్ దగ్గర ఉంటేనే పని అవుతుంది. 

ఇంకో హెచ్చరిక, ఏసీ వాళ్లు వాడే వెండి కడ్డీల్లో కొన్నింట్లో జింకు ఉంటుంది, పాత రకాల్లో కాడ్మియం కూడా. కాడ్మియం పొగ పీలిస్తే ప్రాణం మీదకి వస్తుంది, ఆ రోజు ఏమీ అనిపించకపోవచ్చు, రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. జింకున్న కడ్డీని, ఇత్తడి ముక్కని వ్యాక్యూమ్ ఫర్నేస్‌లో పెడితే జింకు ఆవిరై లోపలంతా పూత పూస్తుంది, ఫర్నేస్ యజమాని మిమ్మల్ని మళ్లీ గేటు లోపలికి రానివ్వడు.

నేను బెంగళూరులో మైక్రోవేవ్ ట్యూబుల పనిలో రిటైరయ్యాను. మేం యాక్టివ్ ఫిల్లర్ని పెద్దగా నమ్మేవాళ్లం కాదు. మాది మాలీ-మాంగనీస్ పద్ధతి. మాలిబ్డినం పొడి, మాంగనీస్ పొడి కలిపి పేస్టు చేసి అల్యూమినా అంచుకి పూసి తడి హైడ్రోజన్‌లో 1450-1500 డిగ్రీల దగ్గర కాలుస్తాం. హైడ్రోజన్‌ని నీళ్లలోంచి పంపి తడి చేయడం ఎందుకంటే మాలిబ్డినం లోహంగానే ఉండాలి, మాంగనీస్ మాత్రం ఆక్సైడ్ అవ్వాలి, ఆ రెండూ ఒకేసారి జరగడానికి కొలిచినట్టు తేమ కావాలి. మాంగనీస్ ఆక్సైడ్ అల్యూమినాలోని గాజు భాగంతో కలిసి కరిగి మాలిబ్డినం గింజల సందుల్లోకి ఎక్కుతుంది, చల్లారాక అదే పట్టు. దాని మీద నికెల్ పూత వేస్తే ఇక ఆ అంచు లోహమే, మీ 72-28 చక్కగా పారుతుంది. ఇది 1930ల నుంచి జర్మనీలో రేడియో ట్యూబుల కోసం పెరిగిన విద్య, ఇప్పటికీ దాన్ని దాటింది నాకు కనపడలేదు.

లెక్కల_శ్రీను
అందుకేనా 99.7 శాతం అల్యూమినా కన్నా 94-96 శాతానికే ఈ పూత బాగా పడుతుందంటారు?

ట్యూబ్_రిటైర్డ్
అవును, అందుకే. మరీ స్వచ్ఛంగా ఉంటే అందులో గాజు భాగం ఉండదు, ఎక్కడానికి ఏమీ దొరకదు. ఈయన 96 శాతం కొన్నాడు, మంచిదే కొన్నాడు. సిరామిక్ అమ్మినాయన్ని ఏమనకండి.

పరిశోధక_విద్యార్థి
సార్ మీ అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్నా, బాలానగర్ షాపులో 1500 డిగ్రీల తడి హైడ్రోజన్ ఫర్నేస్ ఎక్కణ్నుంచి వస్తుంది? మండే గ్యాసు, పేలే గ్యాసు, దానికి లైసెన్సులు, లీక్ అలారాలు. నాలుగైదు ముక్కలకి యాక్టివ్ ఫిల్లరే సరైనది. వేలల్లో ఒకే సైజు చేసేవాళ్లకి మీ పద్ధతి.

ట్యూబ్_రిటైర్డ్
పూత పూసిన సిరామిక్ తయారుగానే అమ్ముతారమ్మా, హైడ్రోజన్ ఆయన పెట్టక్కర్లేదు. ఖరీదు ఎక్కువ, రావడానికి టైం పడుతుంది, అది ఒప్పుకుంటా.

సబ్‌స్టేషన్_నైట్‌డ్యూటీ
అంటే మా వీసీబీల్లో (వ్యాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్లు) ఉండే బాటిల్స్ ఇలాంటివేనా? 11 కేవీ ప్యానెల్లో తెల్లటి పింగాణీ డబ్బా, రెండు వైపులా లోహం మూత. ఎప్పుడూ అనుకునేవాణ్ని అందులో వ్యాక్యూమ్ ఇన్నేళ్లు ఎలా నిలుస్తుందా అని.

ట్యూబ్_రిటైర్డ్
అవే. ఆ తెల్ల డబ్బా అల్యూమినా, మూత అంచు పల్చగా ఉంటుంది గమనించారా, బ్రేజింగ్ అతుకు అక్కడే. లోపల కాంటాక్టులు విడిపోయినప్పుడు ఆర్క్ ఆరిపోవాలంటే ఆ అతుకుల్లో ఏళ్ల తరబడి గాలి దూరకూడదు. రబ్బరు సీలు పెడితే అన్నేళ్లు ఆగదు.

దంత_ల్యాబ్_విజయనగరం
నేను డెంటల్ టెక్నీషియన్ని, లోహం మీద పింగాణీ పంటి తొడుగులు చేస్తా. మా దగ్గర ఫిల్లరే ఉండదు. నికెల్-క్రోమియం తొడుగుని ఇసుకతో కొట్టి శుభ్రం చేసి, ఫర్నేస్‌లో ఒక్కసారి వేడి చేస్తే పైన పల్చటి ఆక్సైడ్ పొర వస్తుంది. దాని మీద ఒపేక్ అనే మొదటి పింగాణీ పూత పూసి 900 పైన కాలుస్తాం, పింగాణీ ఆ ఆక్సైడ్‌తో కలిసిపోతుంది. పొర మందమైపోతే మాత్రం ముక్క ఊడొస్తుంది. ఇక్కడ అందరూ వ్యాకోచం సమానంగా ఉండాలంటున్నట్టు వినిపిస్తోంది, మాకు సమానం వద్దు. లోహం 14 ఉంటే పింగాణీ 13 ఉండేలా ఎంచుకుంటాం. లోహం ఒక పిసరు ఎక్కువ కుంచించుకుంటే పింగాణీ నొక్కుడులో ఉంటుంది, నమిలినా పగలదు. తిరగబడితే, అంటే లోహం తక్కువై పింగాణీ ఎక్కువైతే, పేషెంటు నోట్లో పెట్టకముందే గీతలొస్తాయి.

లెక్కల_శ్రీను
ఇది ఈ చర్చలో అందరూ రెండుసార్లు చదవాల్సిన పోస్టు మేడం. లోహం బయట ఉంటే కొంచెం ఎక్కువ వ్యాకోచం మేలు, లోపల ఉంటే మీ తొడుగులోలా తేడా ఒక్క పిసరే ఉండాలి. అందుకే మధ్యలో రాగి కడ్డీ సంగతి నాకు భయంగా ఉంది. రాగి 17, గొట్టం లోపల నేరుగా అతికిస్తే చల్లారేటప్పుడు అది అన్ని వైపులా అల్యూమినా నుంచి దూరంగా లాగుతుంది. బాలానగర్ గారూ, లోపలి అతుకు ఎలా ఉంది?

బాలానగర్_వర్క్‌షాప్
లోపలిది ఇంకా చేయలేదు, బయటిది నిలబడ్డాక చేద్దామని ఆగాం. ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, మా కుర్రాళ్లకి కూడా చదివి వినిపిస్తున్నా. ఒక డౌటు, గొట్టానికి ఫ్లాంజ్‌కి మధ్య గ్యాప్ 0.05 ఇచ్చాం, పుస్తకంలో అలాగే ఉంది. అది సరిపోయిందా?

లెక్కల_శ్రీను
గది వేడిలో సరిపోయింది. 800 దగ్గర ఫ్లాంజ్ రంధ్రం గొట్టం కన్నా 0.3 ఎక్కువ పెరిగింది కాబట్టి ఒక్కో పక్క ఇంకో 0.15 తెరుచుకుంది, మొత్తం 0.2. అంత సందులో ఫిల్లర్ నిలవదు, కిందకి జారుతుంది, ఒక చోట మందం ఒక చోట ఖాళీ. గ్యాప్ ఎప్పుడూ ఫిల్లర్ కరిగే వేడి దగ్గర లెక్కవేయాలి.

ట్యూబ్_రిటైర్డ్
ఇక డ్రాయింగ్ మార్చే మాట చెప్తా, అసలు పరిష్కారం ఇదే. మందం ఫ్లాంజ్‌ని సిరామిక్ దగ్గరికే రానివ్వకండి. కోవార్ రేకుతో 0.5 మిల్లీమీటర్ మందంలో గిన్నెలాంటి కప్పు చేయండి, దాని ఒక అంచు అల్యూమినాకి బ్రేజింగ్, రెండో అంచు ఒక 15 మిల్లీమీటర్ల దూరంలో ఫ్లాంజ్‌కి టిగ్ వెల్డింగ్. కోవార్ అంటే నికెల్ 29, కోబాల్టు 17, మిగతాది ఇనుము. గది వేడి నుంచి 400 దాకా వ్యాకోచం 5 చిల్లర. లోపలి కడ్డీకి కూడా అదే పద్ధతి, గొట్టం పై చివర కోవార్ టోపీ పెట్టి కడ్డీని ఆ టోపీ మధ్యలోంచి తీసుకెళ్లి టోపీకే అతికించండి, రాగి అల్యూమినాని ముట్టుకోకూడదు.

పరిశోధక_విద్యార్థి
ఒక సవరణ. కోవార్ 5 అనేది 430-450 దాకానే. ఆ వేడి దగ్గర దాని అయస్కాంత గుణం పోతుంది, అక్కణ్నుంచి మామూలు నికెల్-ఇనుము మిశ్రమంలా గబగబా పెరుగుతుంది, 800 దాకా సగటు తీస్తే 10 దగ్గరికి వస్తుంది. అంటే బ్రేజింగ్ వేడి నుంచి చూస్తే కోవార్ కూడా అల్యూమినాకి పూర్తిగా జత కాదు. అది పనిచేసేది వ్యాకోచం కలిసినందుకు ఎంతో, పల్చగా ఉండి వంగినందుకు అంతే.

ట్యూబ్_రిటైర్డ్
బాగా చెప్పావు. అందుకే 0.5 అన్నాను. మందం చేసి గట్టిగా ఉంటుంది కదా అనుకుంటే కోవార్‌తో కూడా పగుళ్లే.

స్క్రాప్_హ్యామ్‌రేడియో
ఖర్చు తగ్గాలంటే పాత ట్రాన్స్‌మిటర్ ట్యూబులు స్క్రాప్‌లో దొరుకుతాయి, వాటి సిరామిక్ రింగులకి ముందే పూత ఉంటుంది. సైజుకి కోసుకుంటే సరి.

ట్యూబ్_రిటైర్డ్
కోయొద్దు! కొన్ని పాత పవర్ ట్యూబుల్లో తెల్లగా కనిపించేది అల్యూమినా కాదు, బెరీలియం ఆక్సైడ్. కంటికి తేడా తెలీదు. దాని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే జబ్బుకి మందు లేదు. ఊరికే ముట్టుకుంటే ఏం కాదు గానీ కోయడం, గీకడం, పగలగొట్టడం ఏదీ చేయకూడదు. ఏదో తెలియని సిరామిక్‌ని గ్రైండర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, మీ కుర్రాళ్లకి ఇది ముందు చదివి వినిపించండి.

బాలానగర్_వర్క్‌షాప్
ఇప్పుడే గోడ మీద రాయించా.

జర్మనీ_తెలుగబ్బాయి
టైటానియం ఫ్లాంజ్ ఆలోచించారా? వ్యాకోచం 9 లోపే, అల్యూమినాకి బాగా దగ్గర. పేస్‌మేకర్ డబ్బాలోంచి వైర్లు బయటికొచ్చే చోట అల్యూమినా టైటానియం జతే, అతుకు బంగారంతో. ఒంట్లో పెట్టేది కాబట్టి వెండి-రాగి వాడరు. నయోబియం 7 చిల్లర, ఇంకా దగ్గర. మన ఊళ్లలో ఎల్ఈడీలు రాకముందు పసుపు సోడియం వీధిదీపాలుండేవి చూడండి, వాటి లోపలి గొట్టం అల్యూమినా, చివర్లలో నయోబియం, మధ్యలో ప్రత్యేకమైన గాజు కరిగించి సీల్ చేసేవారు.

సబ్‌స్టేషన్_నైట్‌డ్యూటీ
నేను ఎన్ని దీపాలు మార్చానో, లోపల ఇంత కథ ఉందని ఎవరూ చెప్పలేదు.

బాలానగర్_వర్క్‌షాప్
టైటానియం అయితే కస్టమర్ చాంబర్ ఎస్ఎస్ కాబట్టి వెల్డింగ్ కుదరదు, బోల్టులు పెట్టాలి. కోవార్ కప్పుతోనే వెళ్దామనుకుంటున్నా. కోవార్‌కి నికెల్ పూత వేయించాలా? ప్లేటింగ్ ఆయన వేయిస్తేనే మంచిదంటున్నాడు.

ట్యూబ్_రిటైర్డ్
వేయించండి. కోవార్‌ని స్పిన్నింగ్ చేసినా (తిప్పుతూ నొక్కి) డీప్ డ్రా చేసినా (అచ్చులోకి లాగి) లోపల ఒత్తిడి మిగిలి ఉంటుంది, కరిగిన వెండి-రాగి లోహపు గింజల మధ్య సందుల్లోకి దూరి చీల్చేస్తుంది. నికెల్ పూత అడ్డం ఉంటుంది.

పరిశోధక_విద్యార్థి
ఇక్కడ మాత్రం ఒప్పుకోను సార్. మీ మాలీ-మాంగనీస్ సిరామిక్‌కి మామూలు 72-28 వాడేటప్పుడు నికెల్ కరెక్ట్. ఈయన వాడేది టైటానియం ఉన్న ఫిల్లర్. నికెల్ ఆ ఫిల్లర్లో కరిగి టైటానియాన్ని తనవైపు లాగేసుకుంటుంది, ఇద్దరూ కలిసి పెళుసు సమ్మేళనం అవుతారు, అల్యూమినా వైపు పొర పల్చబడి పట్టు పోతుంది. కోవార్లో ఉన్న నికెల్, ఇనుమే ఆ పని కొంత చేస్తాయి, పైన మళ్లీ పూత ఎందుకు? దానికన్నా కప్పు తయారయ్యాక వ్యాక్యూమ్‌లో 900 దగ్గర ఎనీలింగ్ చేసి ఒత్తిడి తీసేయండి, బ్రేజింగ్ వేడి దగ్గర అవసరానికి మించి ఉంచకండి.

ట్యూబ్_రిటైర్డ్
ఎనీలింగ్ మేమూ చేసేవాళ్లం, పూత వేసినా సరే. యాక్టివ్ ఫిల్లర్‌కి నువ్వు చెప్పిన కారణం సబబుగానే ఉంది. అయితే బాలానగర్ గారూ, ముందు ఒకే సిరామిక్ ముక్క మీద పూత ఉన్న కోవార్, లేని కోవార్ రెండూ అతికించి విరిచి చూడండి. అల్యూమినాలోంచి విరిగితే అతుకు గట్టిది, అతుకు శుభ్రంగా ఊడొస్తే టైటానియం అక్కడికి చేరలేదు.

లెక్కల_శ్రీను
కప్పు అంచుని గొట్టం చివర ముఖానికి అతికిస్తే, రేకు అవతలి వైపు ఇంకో అల్యూమినా రింగు కూడా అతికించండి. ఒక వైపే సిరామిక్ ఉంటే రేకు కుంచించుకుని గొట్టం అంచుని వంచుతుంది, రెండు వైపులా ఉంటే ఆ వంపు సరిపోతుంది.

ఆటోనగర్_లేత్
చూశారా, నా మూడు పొరల పట్టీయే తిరిగి తిరిగి వచ్చింది, ఈసారి మధ్యలో లోహం, రెండు పక్కలా సిరామిక్.

పరిశోధక_విద్యార్థి
ఫర్నేస్ వాళ్లకి రాసివ్వాల్సింది కూడా చెప్తా, నోటిమాట వద్దు. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఫర్నేస్ గోడ దగ్గర కాదు, జాబ్ పక్కనే ఉండాలి. 750 దగ్గర 15-20 నిమిషాలు ఆపాలి, సిరామిక్ నెమ్మదిగా వేడెక్కుతుంది, లోహంతో సమానం అయ్యాకే ముందుకెళ్లాలి. 830-850 దగ్గర 5-10 నిమిషాలు, అంతకన్నా వద్దు. తర్వాత నిమిషానికి 3-5 చొప్పున 400 దాకా, ఆ కింద ఫర్నేస్‌ని దాని మానాన వదిలేయాలి, గ్యాస్ వదిలి ఫ్యాన్ వేయకూడదు. జాబ్‌ని గ్రాఫైట్ మీద నేరుగా పెడితే ఫిల్లర్ కారి గ్రాఫైట్‌ని కూడా పట్టుకుంటుంది, టైటానియంకి కార్బన్ అన్నా ఇష్టమే, కాబట్టి కింద అల్యూమినా పలక వేయాలి. ముక్కల్ని శుభ్రం చేశాక ఉత్త చేత్తో ముట్టుకోవద్దు.

దంత_ల్యాబ్_విజయనగరం
గొట్టం అంచుని ఎలా గ్రైండ్ చేశారు? మేం పింగాణీని గ్రైండ్ చేస్తే కంటికి కనపడని గీతలొస్తాయి, మళ్లీ ఒకసారి కాలిస్తే పోతాయి.

ట్యూబ్_రిటైర్డ్
మంచి ప్రశ్న. డైమండ్ వీల్‌తో తొందరగా కోసిన అల్యూమినా అంచులో సన్న పగుళ్లుంటాయి, బ్రేజింగ్ ఒత్తిడికి అవే తెరుచుకుంటాయి. సన్న గింజ వీల్‌తో చివరి కోత పెట్టించండి, కుదిరితే సిరామిక్ వాళ్ల దగ్గరే మళ్లీ కాల్పించండి. చెక్ చేయడానికి ఎర్ర పెనెట్రెంట్ పూసి తుడవండి, దిట్టమైన అల్యూమినా రంగు పీల్చదు, గీతలుంటే ఎర్రగా కనిపిస్తాయి.

బాలానగర్_వర్క్‌షాప్
కోవార్ రేకు ఆర్డర్ పెట్టేశా, పాత గొట్టానికి రంగు పూసి చూస్తే అవతలి చివర, అతుకే లేని వైపు కూడా ఒకచోట సన్న గీత కనిపించింది, అంటే గ్రైండింగ్ మాట కూడా నిజమే. చివరి ప్రశ్న, ముందు కప్పుని ఫ్లాంజ్‌కి వెల్డ్ చేసి తర్వాత బ్రేజింగా, ముందు బ్రేజింగ్ చేసి తర్వాత వెల్డింగా?

ట్యూబ్_రిటైర్డ్
ముందు బ్రేజింగ్. ఫ్లాంజ్ వెల్డ్ చేసి ఫర్నేస్‌లో పెడితే మళ్లీ మందం స్టీల్ పక్కనే ఉన్నట్టు. బ్రేజింగ్ అయ్యాక హీలియం లీక్ టెస్ట్ చేయించండి, 10 మైనస్ 9 రేంజిలో నిలబడితేనే వెల్డింగ్‌కి తీసుకెళ్లండి. ఫ్లాంజ్‌లో వెల్డ్ పక్కన సన్న గాడి తీయండి, రేకు పల్చన ఫ్లాంజ్ మందం కాబట్టి గాడి లేకపోతే వేడంతా ఫ్లాంజ్ తాగేస్తుంది. కప్పు చుట్టూ రాగి రింగు బిగించి వెల్డ్ చేస్తే బ్రేజింగ్ అతుకు దాకా వేడి పోదు. వెల్డింగ్ అయ్యాక మళ్లీ లీక్ టెస్ట్, ఆ తర్వాత రెండు మూడుసార్లు 200 దాకా వేడి చేసి చల్లార్చి ఇంకోసారి.

సబ్‌స్టేషన్_నైట్‌డ్యూటీ
హీలియం ఎక్కణ్నుంచి కొట్టడం మొదలెట్టాలి సార్, అన్ని అతుకులూ దగ్గరదగ్గరగా ఉంటే ఏది లీకో ఎలా తెలుస్తుంది?

ట్యూబ్_రిటైర్డ్
పైనుంచి. హీలియం తేలిక, కింద కొడితే పైకి పోయి పై అతుకులో దూరి కింది అతుకు లీక్ అని చూపిస్తుంది. కొంచెం కొంచెంగా, సన్న నాజిల్‌తో, ఒక్కో అతుకు దగ్గర మీటర్ తేరుకునేదాకా ఆగి. అనుమానం ఉన్న అతుకు తప్ప మిగతావి ప్లాస్టిక్ కవర్ చుట్టి టేపు వేసేయండి.